నడవలేనివాళ్ల జాబితా

రెవెన్యూ గిర్దావరు కైలాసం దవాఖాన మెట్లెక్కే వేళకు కంపౌండరు బాలమల్లు కిరసనాయిలు పొయ్యి మీద సూదులు ఉడకబెడుతున్నాడు. వరండాలో గోడకు చేరగిలబడి కూర్చున్న రోగులందరూ ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు. ఆయన వాళ్లవైపు చూడలేదు. చెప్పులు విడవకుండానే లోపలి గదిలోకి వెళ్లి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, రోగులు కూర్చునే పీట మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ నేల మీద కూర్చుని ఒక ముసలామె కాలి పుండు కడుగుతోంది. తల ఎత్తి చూసి, మళ్లీ పనిలో పడింది. ఆమె పేరు రెజీనా. సిరిమడుగు చుట్టుపక్కల అందరికీ రజనమ్మే. పోలండు దేశంలో లోజ్ అనే బట్టల మిల్లుల ఊరు ఆమెది. యుద్ధానికి ముందే హైదరాబాదుకు వచ్చి, అక్కడినుంచి ఈ ధర్మ దవాఖానకు వచ్చి ఎనిమిదేళ్లయింది. ఆమె యూదురాలని, ఆమె మనుషులెవరూ మిగల్లేదని బాలమల్లుకు తెలుసు. ఎట్లా పోయారో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

"నాలుగు గూడేలు ఖాళీ చేయించాలె డాక్టరమ్మా," అన్నాడు కైలాసం. "ఇప్పగూడెం, మోదుగులొద్ది, గా పక్కన రెండు. సర్కారు హుకుం. అడివిల దాగినోళ్లకు గూడేలోళ్లు గటక పోస్తున్నరని పైవాళ్ల అనుమానం. సడక్ పక్కకు కంచె ఏసి గుడిసెలు ఏయిస్తున్నం. అందరూ ఆడనే ఉండాలె. పొద్దుగూకితే బయటికి పోరాదు."

"ఎన్ని రోజులు?"

"అడివి సాఫ్ అయ్యేదాక."

పోలీసు యాక్షన్ అయి ఏడాదిన్నర దాటింది. నిజాం పోయాడు కాని అడవిలో కమ్యూనిస్టు దళాల తుపాకుల చప్పుడు ఆగలేదు. రజనమ్మ పుండు మీద పసుపుపచ్చని మందు గుడ్డ వేసి కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"నాతోటి ఏం పని?"

"ఏం లేదు, జర ఫేరిస్తు కావాలె. ఏ ఇంట్ల ఎంతమంది, ఎవల పేరేంది, ఎవలు నడుస్తరు, ఎవలు నడవరు. నడవనోళ్లకు బండ్లు పెడుతం. మా దఫ్తర్ల గూడేల లెక్కే లేదు. పోయినేడు మీరు టీకాలు ఏసిండ్రు గద, మీ తాన ఉంటది."

కట్టు కడుతున్న చేతులు ఆగాయి.

"ఇయ్యను."

"గదేందమ్మా? గది వాళ్ల మంచికే."

"మంచికే అనే మాట నేను ముందుగాలనే ఇన్న కైలాసం గారూ. వేరే భాషల ఇన్న." ఆమె గొంతు పెంచలేదు. ముడి వేసి, మిగిలిన గుడ్డను కత్తెరతో కత్తిరించి లేచింది. బల్ల మీదున్న రోగుల రిజిస్టరు తీసి అలమారలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తెల్లకోటు జేబులో వేసుకుంది. "గూడేలోళ్లకు రోగమొస్తే చెప్పుండ్రి, ఎంత దూరమైనా వస్త. పేర్లు మాత్రం ఇయ్య."

కైలాసం టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దాటుతూ బాలమల్లు ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. బాలమల్లు తల దించుకుని నీళ్లలో మరుగుతున్న సూదులను పట్టకారుతో కదిపాడు. టీకాల పుస్తకం ఆ అలమారలో లేదు. సాపు రాసి తెస్తానని అతను ఇంటికి తీసుకుపోయి నాలుగు నెలలయింది. అది వాళ్లింట్లో, మగ్గం పైన గూట్లో ఉంది. ఆ సంగతి రజనమ్మకు అప్పుడే చెబితే ఎట్లా ఉండేదో, తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

*

ఆ సాయంత్రమే కైలాసం బాలమల్లు ఇంటికి వచ్చాడు. భార్య అనసూర్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. గిర్దావరును చూసి కొంగు సర్దుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"డాక్టరమ్మ మంచిది," అన్నాడు కైలాసం, నీళ్లు తాగి. "కానీ ఆమెది ఈ దేశం గాదు. మన సంగతి ఆమెకేం ఎరుక? ఇగ నువ్వే చెప్పు బాలమల్లూ. ఫేరిస్తు ఉన్నా సోమవారం నాడు సిపాయిలు వస్తరు, లేకున్నా వస్తరు. ఉంటే ముసలోళ్లకు, నీళ్లాడేటోళ్లకు బండి దొరుకుతది. లేకుంటే మెడలు వట్టి నూకుతరు. ఏది మంచిది?"

బాలమల్లు చూపు మగ్గం పైన గూటి మీదికి పోయింది.

"పుస్తకం నీ తాననే ఉన్నదని నాకెరుక. నీ రాత చూసిన నేను. ముత్యాల తీరుగ ఉంటది. నీ అసొంటోడు సర్కారు దవాఖానల ఉండాలె. తహశీల్దారు సాబ్ చెవుల ఒక మాట ఏస్త."

ఆయన వెళ్లాక అనసూర్య రాట్నం ఆపి అడిగింది. "ఆమె వద్దన్నంక నువ్వెందుకు రాస్తవయ్యా?"

"రాస్త అన్ననా?"

"అనకున్నా నీ మొఖం చెప్తుంది."

"ముసలి శంకరవ్వ నాలుగు కోసులు నడుస్తదానే? చెప్పు. యాదవ్వకు ఎనిమిదో నెల. వాళ్లకు బండి దొరికితే వద్దనాల్నా?"

అనసూర్య కండె సరిచేసుకుంది. రాట్నం మళ్లీ తిప్పింది.

శనివారం దవాఖాన ఉండదు. అది యూదులకు పని చేయని పవిత్ర దినం, ఆ రోజు రజనమ్మ పని ముట్టదు, బయటికి రాదు. బాలమల్లు పొద్దున్నే మగ్గం పక్కన చాప వేసుకుని, రూళ్లు గీసిన కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. టీకాల పుస్తకం తెరిచాడు. ఒక్కొక్క పేరు రాస్తుంటే ఒక్కొక్క భుజం గుర్తుకొచ్చింది. టీకా అంటే భయపడి చెట్టెక్కినవాళ్లు, గాదె వెనుక దాక్కున్నవాళ్లు, అడవిలోకి పారిపోయినవాళ్లు. మశూచి వచ్చిన ఏడు అది. ఒక్కరిని కూడా వదలకుండా, తిరిగి తిరిగి, బతిమిలాడి, నవ్వించి టీకా వేశాడు. నాలుగు గూడేలలో అతనికి తెలియని మనిషి లేడు. ఆ గూడేలలోని నాయకపోడు వాళ్లు బయటివాళ్లకు అసలు పేరు చెప్పరు. అతనికి చెప్పారు.

మొండయ్య, ఇప్పగూడెం పెద్ద, అరవై. కొడుకు కొమురెల్లి, ఇరవై రెండు. కొమురెల్లి పేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. అతను మూడు నెలలుగా ఇంట్లో ఉంటున్నాడో లేదో బాలమల్లుకు రూఢిగా తెలియదు. అయినా పుస్తకంలో ఉంది కాబట్టి రాశాడు. శంకరవ్వ, డెబ్బై దాటింది, నడవలేదు, బండి. ఆమె మనవరాలు యాదవ్వ, పందొమ్మిది, నీళ్లాడే మనిషి, బండి.

మధ్యాహ్నం దాటేసరికి రెండువందల పద్నాలుగు పేర్లయ్యాయి. పదకొండు మంది పేర్ల ఎదురుగా 'బండి' అని ఎర్రసిరాతో రాశాడు. అక్షరాలు గుండ్రంగా, వరుసగా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. కాగితాలను ఎత్తి పట్టుకుని చూసుకున్నాడు. ఆ చూసుకోవడం తలుచుకుంటే తర్వాత ఎన్నో ఏళ్లు అతనికి చెంప పగలగొట్టుకోవాలనిపించేది.

*

సోమవారం ఎండ ఎక్కకముందే అతను ఇప్పగూడెం చేరాడు. ఇప్పపూల కాలం. చెట్ల కింద చాపలు పరిచి ఉన్నాయి, వాటి మీద రాత్రి రాలిన పూలు ఎవరూ ఎత్తక అట్లాగే ఉన్నాయి. అప్పటికే సిపాయిలు గూడెం చుట్టూ నిలబడ్డారు. నాలుగు గూడేల జనాన్ని ఒకచోటికి తోలారు.

బండ్లు అయిదు వచ్చాయి. నాలుగింటిలో సిపాయిల డేరాలు, నీళ్ల పీపాలు, కంచెతీగ చుట్టలు ఉన్నాయి. అయిదో దాంట్లో గూడెంలో పట్టుకున్న జొన్నల బస్తాలు ఎక్కిస్తున్నారు. తిండిగింజ ఏదీ వెనక ఉండకూడదని హుకుం.

"సాబ్, బండ్లు..." అన్నాడు బాలమల్లు.

"సామాను దించి మళ్ల వస్తయి. జర సబర్ చెయ్," అన్నాడు కైలాసం. బాలమల్లు రాసిచ్చిన కాగితాలు తీసి పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

ఒక్కొక్క పేరు పిలుస్తుంటే జనం తెల్లబోయి చూశారు. ఎప్పుడూ ఏ సర్కారు మనిషి నోటా వినని పేర్లు. పిలిచినవాళ్లు లేచి సిపాయి చూపించిన వైపుకు పోయి కూర్చోవాలి. కొందరు ముందే అడవిలోకి జారుకున్నారు. కాని వాళ్ల పేర్లు కాగితంలో ఉన్నాయి. "ఇంట్ల ఆరుగురు అని ఉన్నది, నలుగురే ఉన్నరు. ఇంకిద్దరేరి?" అని అడుగుతుంటే తల్లులు ముఖాలు చూసుకున్నారు.

శంకరవ్వ పేరు వచ్చింది. ఆమె గుడిసె గోడ పట్టుకుని లేచింది.

"నా పేరు గూడ చదువుతుండ్రా? ఎవలు రాసిండ్రు బిడ్డా?"

"మీ కంపౌండరే రాసిండు," అన్నాడు కైలాసం, అందరికీ వినపడేట్టు.

ముసలమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని బాలమల్లును వెతికింది. కనిపించాక నోరంతా తెరిచి నవ్వింది. "మా మల్లు రాసిండా? ఐతే మంచికే రాసి ఉంటడు. లేవుండ్రే, లేవుండ్రి," అని పక్కనున్న ఆడవాళ్లకు చెప్పింది. ఆమె మాట విని ఇంకో నలుగురు లేచారు.

"కొమురెల్లి, తండ్రి మొండయ్య."

ఎవరూ పలకలేదు. కైలాసం మళ్లీ పిలిచాడు. సిపాయిల జమాదారు మొండయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నీ కొడుకేడి?"

"నాకు కొడుకు లేడు దొరా," అన్నాడు మొండయ్య. "ఉన్నోడు చిన్నప్పుడే సచ్చిండు. ఇద్దరు ఆడివిల్లలే."

"ఫేరిస్తుల ఉన్నడు గద. ఇరవై రెండేండ్లు. టీకా గూడ ఏసిండ్రని ఉన్నది."

మొండయ్య తల తిప్పి బాలమల్లును చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టుంది. తప్పు పడింది సాబ్, వేరే ఊరి పేరు కలిసింది, అని ఒక్క ముక్క చాలు. బాలమల్లు నోరు తెరిచాడు. తప్పు పడలేదు. అన్నీ సరిగ్గానే రాశాడు. కైలాసం అతనివైపే చూస్తున్నాడు. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. జమాదారు తుపాకీ మడమతో మొండయ్య మోకాలి మీద కొట్టాడు. ఆ చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది.

బండ్లు తిరిగి రాలేదు. పొద్దెక్కాక అందరినీ నడిపించారు. బాలమల్లు శంకరవ్వను వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆమె ఎండిన మోదుగాకుల కట్టంత బరువు కూడా లేదు. పక్కన యాదవ్వ పొట్ట కింద చెయ్యి పెట్టుకుని నడుస్తోంది. కోసు దూరం పోయాక ముసలమ్మ అతని చెవి దగ్గర అడిగింది.

"బండి వస్తదన్నరు గద కొడుకా?"

"వస్తది అవ్వా."

ఇంకో కోసు పోయాక మళ్లీ అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు. యాదవ్వ అతని ముఖంలోకి చూసింది. మూడోసారి ముసలమ్మ అడగలేదు.

*

మంగళవారం పొద్దున దవాఖాన తెరిచీ తెరవకముందే శంకరవ్వ పోయిందని కబురొచ్చింది. కంచె లోపల ఒకటే బావి, దానిలో నీళ్లు బురద. నలభై మందికి వాంతులు, బేదులు.

రజనమ్మ కొళాయి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. బాలమల్లు ఆమె వెనుక నిలబడి చెప్పాడు. టీకాల పుస్తకం తన ఇంట్లో ఉన్న సంగతి, శనివారం రాసిన సంగతి, మొండయ్య మోకాలి సంగతి. చివరిదాకా చెప్పాడు. ఆమె వెనక్కి తిరగలేదు. సబ్బు నురగ మోచేతుల దాకా పెట్టి రుద్దుతూనే ఉంది. కడగడం అయిపోయాక కూడా చేతులను నీళ్లలోనే ఉంచింది.

"రాసేటప్పుడు చెయ్యి వణికిందా?"

"లేదమ్మా." అతనికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "మంచిగ రాసిన. గుండ్రంగ రాసిన."

ఆమె తువ్వాలు తీసుకుని బల్ల మీద కూర్చుంది.

"మా ఊళ్లె గూడ కంచె ఏసిండ్రు. ఊరి మూలకు ఒక వాడ ఖాళీ చేసి, లక్షన్నర మంది యూదులను అండ్ల నూకి, చుట్టూ తీగ కట్టిండ్రు. గెట్టో అంటరు దాన్ని. నేను అప్పటికే గీడున్న. మా అవ్వ, మా అన్న హెన్రిక్ అండ్ల ఉన్నరు. అన్న రాత మంచిగుంటది. గెట్టో దఫ్తర్ల రాసే కొలువు దొరికింది. కొలువున్నోళ్లకు గిన్నెడు అంబలి ఎక్కువ పోస్తుండ్రి."

బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు. ఆమె ఆగి, ఆ దగ్గు తగ్గేదాకా ఉండి, మళ్లీ అందుకుంది.

"నలభై రెండుల జర్మనోళ్లు హుకుం ఇచ్చిండ్రు. అరవై అయిదేండ్లు దాటినోళ్లను, పదేండ్ల లోపు పిల్లలను, బీమారున్నోళ్లను అప్పజెప్పాలె అని. మనమే రాసిస్తే నిమ్మళంగ అయితది, వాళ్లే వస్తే కొట్టి గుంజుకపోతరు అని దఫ్తరోళ్లు అనుకున్నరు. మా అన్న గూడ గదే అనుకున్నడు. మా గల్లీ పేర్లు ఆయనే రాసిండు. మా అవ్వకు అరవై ఎనిమిది. దఫ్తరోళ్ల ఇంటోళ్లను ఇడిచిపెడుతమని మాటిచ్చిండ్రు. అందుకే సరిగ్గనే రాసిండు, అరవై ఎనిమిది అని. ఆఖరుకు జర్మనోళ్లు వచ్చిండ్రు. ఆ కాగితాలు వట్టుకోని ఇల్లిల్లు తిరిగిండ్రు."

"ఏడికి తీస్కపోయిండ్రమ్మా?"

"లారీలల్ల. అవి పోయిన జాగల ఎవ్వలూ బతకలే. గాలి ఆడకుండ చేసి సంపిండ్రు. ఆ ఊరి పేరు గూడ యుద్ధమయినంకనే తెలిసింది." ఆమె తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. "గిది గట్లాంటిది గాదు, నాకెరుక. గీడ ఎవలూ సంపెతందుకు తీస్కపోతలేరు. రెండూ ఒకటే అని నేను అంటలే. కానీ రాసేటోని మనసు ఒక్క తీరుగనే ఉంటది బాలమల్లూ. మంచి జేస్తున్న అనుకుంటడు."

బాలమల్లు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మీ అన్న?"

"బతికిండు. యుద్ధమయినంక నాకు మూడు ఉత్తరాలు రాసిండు. అంతా చెప్పిండు, ఏదీ దాయలే. ఆఖరుకు ఒక్కటే అడిగిండు, నువ్వు ఆడ ఉంటే ఏం జేసేదానివి అని. నాకు మస్తు కోపమొచ్చింది. ఒక్కదానికి గూడ జవాబియ్యలే. పోయినేడు ఆసుపత్రిల ఒక్కడే సచ్చిపోయిండని కబురొచ్చింది."

ఆమె కళ్లలో నీళ్లు లేవు. లేచి అలమార తెరిచి మందుసీసాలు తీసి వరుసగా పెట్టడం మొదలుపెట్టింది.

"నిన్ను గీ గడియలనే ఎల్లగొట్టాలని ఉన్నది నాకు," అంది, సీసాల మీద చీటీలు చదువుతూ. "ఎల్లగొడితే మా అన్నకు చేసిన పనే మళ్ల చేసినట్టయితది. నిన్ను మాఫ్ చేసిన అనుకోకు. అది ఎట్ల జేస్తరో నాకు రాదు. సంచి తీస్కో. ఉప్పు, చక్కెర ఎంతుంటే అంత తీస్కో."

*

వాళ్లు కంచె గేటు దగ్గరికి చేరేసరికి పొద్దెక్కింది. ఆకులు పూర్తిగా కప్పని గుడిసెల కింద జనం పడుకుని ఉన్నారు. బాలమల్లు కుండల్లో నీళ్లు కాచి, ఉప్పు, చక్కెర కలిపి, ఒక్కొక్కరి నోటికి చెంబు పెట్టాడు. మొండయ్య మోకాలికి వెదురు బద్దలు వేసి కట్టు కట్టాడు. కడుతున్నంతసేపూ మొండయ్య కంచె అవతలి చెట్లవైపే చూశాడు.

"పెద్దయ్యా, తప్పయింది," అన్నాడు బాలమల్లు.

"కట్టు జర వదులుగ కట్టు," అన్నాడు మొండయ్య.

మధ్యాహ్నం యాదవ్వకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. రజనమ్మ చీరలు అడ్డం కట్టించి లోపలికి పోయింది. బాలమల్లు బయట నీళ్లు మరగబెట్టి అందిస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా పసిపిల్ల ఏడుపు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. గూడెం ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మొదటిసారి నవ్వారు.

కొంతసేపటికి కైలాసం వచ్చాడు. చేతిలో ఆ కాగితాలే ఉన్నాయి.

"నిన్న ఒకరు తగ్గిండ్రు, ఇయ్యాల ఒకరు పెరిగిండ్రు. ఎక్కియ్యి బాలమల్లూ. నీ రాతలనే ఉంటే మంచిగుంటది," అని కాగితాలు, కలం చాచాడు.

"నేను రాయ సాబ్."

"ఏందీ?"

"రాయ." కైలాసం కాసేపు చూసి, తనే ఏదో గీసుకుని వెళ్లిపోయాడు. ఇంత చిన్న మాట. నిన్న పొద్దున బాలమల్లు నోట్లోంచి రానిదీ ఇంతే మాట.

అతను చీర అంచు పక్కకు జరిపి లోపలికి తొంగి చూశాడు. యాదవ్వ గడ్డి మీద పడుకుని ఉంది, పక్కన గుడ్డలో చుట్టిన బిడ్డ. ఎప్పుడూ అడిగినట్టే, నాలుగు గూడేలలో పుట్టిన ప్రతి బిడ్డ దగ్గరా అడిగినట్టే అడిగాడు.

"ఆడివిల్లనా, మొగపిల్లగాడా బిడ్డా? ఏం పేరు వెడుతున్నవ్?"

యాదవ్వ కొంగు లాగి బిడ్డ ముఖం మీద కప్పింది.

"నీకు చెప్ప."

"అట్లగాదు బిడ్డా..."

"చెప్తే రాస్తవ్," అంది యాదవ్వ. గొంతులో కసి లేదు, అలసట మాత్రమే ఉంది.

అతను బయటికి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన రజనమ్మను అడిగాడు, ఏ బిడ్డమ్మా అని. ఆమె సంచి బిగించుకుంటూ, "గది యాదవ్వ చెప్పాలె, నేను గాదు," అంది.

కంచె వానాకాలం దాటేదాకా ఉంది. బాలమల్లు రోజూ పోయాడు. సర్కారు కొలువు మాట కైలాసం ఎత్తలేదు, అతనూ అడగలేదు. కంచెలో పందొమ్మిది మంది పోయారు. మిగిలినవాళ్లను కార్తీకంలో గూడేలకు వెళ్లనిచ్చారు. గుడిసెలు మళ్లీ కట్టుకున్నారు. మొండయ్య కర్ర పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. కొమురెల్లి సంగతి ఎవరూ అతని ముందు ఎత్తలేదు. అతను ఇచ్చిన మందు తాగేవాళ్లు, పుండ్లు చూపించేవాళ్లు, కూర్చోమని పీట వేసేవాళ్లు. అతను రాగానే ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం మానేసేవాళ్లు.

ఎండాకాలం ముందు టీకాలు వేయడానికి అతను ఇప్పగూడెం పోయాడు. పుస్తకం తీసుకుపోలేదు. యాదవ్వ బిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చి కూర్చుంది, లేత భుజం అతని ముందు పెట్టింది. అతను స్పిరిటుతో తుడిచి, మందు చుక్క వేసి, సూదితో గీశాడు. బిడ్డ కెవ్వున ఏడ్చింది. యాదవ్వ బిడ్డను గుండెలకు హత్తుకుని, "ఊకో, ఊకో నా..." అంటూ అతనివైపు చూసి, ఆ తర్వాతి మాటను మింగేసుకుంది.